గైడ్ డాగ్‌తో బతుకు, ఉద్యోగం: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు పదకొండో ఏట రేచీకటి మొదలైంది. డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. ముప్పై దాటేసరికి, ఎదురుగా వెలుతురు ఉందా లేదా అన్నది తప్ప కళ్ళకి ఇంకేమీ తెలియకుండా పోయింది. ఇప్పుడు మేం అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. నేను న్యూవార్క్‌లో ఉద్యోగం చేస్తాను. ఆరేళ్ళుగా నా ఎడమ పక్కన ఒక నల్ల లాబ్రడార్ కుక్క నడుస్తోంది. చూపు లేనివాళ్ళని దారిలో జాగ్రత్తగా నడిపించడానికి శిక్షణ పొందిన గైడ్ డాగ్ తను.

పెళ్ళిళ్ళలో, ఇండియన్ కిరాణా కొట్లలో, రైల్లో మనవాళ్ళు ఆపి అడిగిన ప్రశ్నలివి. కొన్ని బంధువులు ఫోన్లో అడిగినవి. ఇంకొన్ని, నన్ను అడగడానికి మొహమాటపడి మా ఆయన్ని పక్కకి పిలిచి అడిగినవి. నన్నే అడగండి, నాకు ఇబ్బంది లేదు.

దాని పేరేంటి?

చెప్పను. ఏమీ అనుకోకండి.

నేను పేరు పెట్టి పిలిస్తే తను పని ఆపి నా మాట కోసం చూస్తుంది. అదే పేరు రైల్వే ప్లాట్‌ఫారం అంచున ఎవరో ముద్దుగా పిలిచారనుకోండి, తల అటు తిప్పుతుంది. ఆ ఒక్క క్షణం చాలు నా కాలు తప్పు చోట పడటానికి. అందుకే చాలామంది హ్యాండ్లర్లు, అంటే గైడ్ డాగ్‌తో నడిచే నాలాంటివాళ్ళు, బయటివాళ్ళకి అసలు పేరు చెప్పరు. ఇక్కడ తనని బుజ్జి అంటాను.

మీరు చెప్పిన చోటికల్లా తీసుకెళ్తుందా? దానికి దారి ఎలా తెలుస్తుంది?

అందరూ మొదట అడిగేది ఇదే. 'ఆఫీసుకి పద' అంటే బుజ్జి నన్ను ఆఫీసుకి చేరుస్తుందని అనుకుంటారు. దారి తెలియాల్సింది నాకు. ఇంటి నుంచి ఎడిసన్ స్టేషన్‌కి ఎన్ని వీధులు దాటాలి, ఎక్కడ కుడికి తిరగాలి, ఏ మలుపు దగ్గర బేకరీ వాసన వస్తుంది, ఇవన్నీ నా బుర్రలో ఉంటాయి. కొత్త చోటైతే ఫోన్లో మ్యాప్ ఒక చెవిలో వినిపిస్తూ ఉంటుంది. 'ఫార్వర్డ్', 'లెఫ్ట్', 'రైట్' అని నేను చెప్తాను.

మరి బుజ్జి పనేమిటంటే, నేను చెప్పిన దిక్కులో నన్ను తిన్నగా, దేనికీ తగలకుండా నడిపించడం. ఫుట్‌పాత్ అయిపోయి రోడ్డు మొదలయ్యే ప్రతి అంచు దగ్గరా ఆగుతుంది. మెట్లు వస్తే ఆగుతుంది. అడ్డంగా పెట్టిన సైకిలు, చెత్త డబ్బా, ఫోన్ చూసుకుంటూ నిలబడిపోయిన మనిషి, అన్నిటి పక్కనుంచీ తప్పించుకుని తీసుకెళ్తుంది. ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. తను ఒక్కతే అయితే ఆ సందులోంచి సులువుగా దూరిపోగలదు. కానీ తన కుడి పక్కన నేనున్నానని లెక్క వేసుకుని, ఇద్దరం పడతామా లేదా అని చూసి నడుస్తుంది. చెట్టు కొమ్మ వంగి ఉంటే తనకి అది ఎక్కడో పైన ఉన్నట్టు. నా మొహానికి తగులుతుందని పక్కకి జరుగుతుంది. తన ఎత్తుకి సంబంధం లేని ప్రమాదాన్ని తను పట్టించుకోవడం నేర్చుకుంది.

తను వేసుకునే తోలు పట్టీల సరంజామాని హార్నెస్ అంటాం. దానికి బిరుసైన హ్యాండిల్ ఉంటుంది, అది నా ఎడమ చేతిలో. మేం మాట్లాడుకునేది ఎక్కువగా ఆ హ్యాండిల్ ద్వారానే. తన భుజం కొంచెం ఎడమకి వాలితే నా మణికట్టుకి తెలుస్తుంది. నడక నెమ్మదిస్తే ముందు ఏదో ఉందని అర్థం. ఆగిపోతే నేను పాదంతో తడిమి చూస్తాను. మెట్టా, గుంటా, నీళ్ళా? ఏమిటో తెలుసుకుని, 'గుడ్ గర్ల్' అని మెచ్చుకుని, ఆ తర్వాతే ముందుకి పదమంటాను. తడిమి చూడకుండా తొందరపెడితే రేపటి నుంచి ఆ చోట ఆగడం మానేస్తుంది. అప్పుడు తప్పు నాదే అవుతుంది.

కొన్ని మాటలకి వస్తువులు వెతికి పెడుతుంది: తలుపు, ఖాళీ కుర్చీ, లిఫ్టు బటన్, మెట్లు. రోజూ వెళ్ళే దారులు తనకీ అలవాటైపోతాయి. అది సౌకర్యమే కానీ చిక్కు కూడా. శుక్రవారాలు నేను కాఫీ తాగే చోటికి సోమవారం కూడా తిరగబోతుంది.

రెడ్ సిగ్నల్, గ్రీన్ సిగ్నల్ చూసి రోడ్డు దాటిస్తుందా?

లేదండీ. ఎరుపు, ఆకుపచ్చ కుక్క కంటికి మనకి కనిపించినంత వేరుగా కనిపించవు. నీలం, పసుపు బాగా తెలుస్తాయి. అయినా సిగ్నల్ చదవడం తన పని కాదు. ఎప్పుడు దాటాలో నిర్ణయించేది నేనే, చెవులతో. మలుపులో నిలబడి నాకు సమాంతరంగా వెళ్ళే వీధిలో బండ్లు కదిలిన చప్పుడు వింటాను. అవి కదిలాయంటే నాకు అడ్డంగా వచ్చేవి ఆగాయని లెక్క. కొన్ని కూడళ్ళలో చప్పుడు చేసే సిగ్నళ్ళు ఉంటాయి, అవి ఉన్నచోట కొంత తేలిక. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ వినడం కష్టమైంది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు అవి తప్పనిసరిగా శబ్దం చేయాలని అమెరికాలో 2010లో చట్టం చేశారు. ఆ శబ్దాన్ని చాలామంది విసుక్కుంటారు. నేను మాత్రం దాని కోసమే చెవి ఒగ్గి నిలబడతాను.

బుజ్జి బాధ్యత మొదలయ్యేది నా లెక్క తప్పినప్పుడు. నేను 'ఫార్వర్డ్' అన్నా, బండి వస్తుంటే కదలకూడదని గైడ్ డాగ్‌కి నేర్పిస్తారు. నేర్చుకున్న మాట వినడం కంటే, వినకూడని చోట వినకపోవడం చాలా కష్టమైన విద్య. మూడేళ్ళ కింద జనవరిలో ఒక సాయంత్రం, మంచు బాగా పడింది. మంచు పరుచుకుంటే చప్పుళ్ళన్నీ దూది చుట్టినట్టు అణిగిపోతాయి. రోడ్డు ఖాళీ అనుకుని ముందుకి పదమన్నాను. రెండడుగులు వేసి బుజ్జి ఆగింది. మళ్ళీ చెప్పాను, కదల్లేదు. నా మోకాళ్ళకి అడ్డంగా వచ్చి వెనక్కి నెట్టింది. అప్పుడు నా ముందు నుంచి కారు గాలి కొట్టుకుంటూ పోయింది. ఫుట్‌పాత్ మీద మోకాళ్ళ మీద కూర్చుని తనని పట్టుకుని చాలాసేపు లేవలేదు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మకి ఇప్పటికీ తెలియదు.

తెల్ల కర్ర ఉండగా కుక్క ఎందుకు?

కర్ర అడ్డంకిని తగిలి కనుక్కుంటుంది, కుక్క తగలకుండా తప్పిస్తుంది. జనం ఎక్కువగా ఉన్న స్టేషన్‌లో ఈ తేడా చాలా పెద్దది. కర్రతో నేను గంటలో అలసిపోయేదాన్ని, ఎందుకంటే ప్రతి అడుగుకీ బుర్ర పెట్టాలి. బుజ్జితో నా మామూలు నడక నాకు తిరిగొచ్చింది.

అలాగని కర్ర తక్కువదని నేను అననివ్వను. కర్రకి తిండి పెట్టక్కర్లేదు, జ్వరం రాదు, ఎవరూ గుమ్మం దగ్గర ఆపరు. పైగా కర్రతో నడిస్తే స్తంభాలు, గోడలు తగులుతూ ఎక్కడున్నానో గుర్తులు దొరుకుతాయి. కుక్క వాటన్నిటినీ తప్పించేస్తుంది కాబట్టి ఆ గుర్తులు పోతాయి. చూపు లేనివాళ్ళలో గైడ్ డాగ్ పెట్టుకునేది అమెరికాలో కూడా కొద్దిమందే. కుక్కలంటే ఇష్టం లేనివాళ్ళు, రోజూ బయటికి వెళ్ళే పని లేనివాళ్ళు, కొంత చూపు మిగిలి దాని మీదే ఆధారపడేవాళ్ళు కర్రతోనే హాయిగా ఉంటారు. నా బ్యాగులో మడత కర్ర ఎప్పుడూ ఉంటుంది.

ఎంతకి కొన్నారు?

ఇవి అమ్మకానికి ఉండవు. అమెరికాలో పేరున్న గైడ్ డాగ్ స్కూళ్ళు విరాళాలతో నడుస్తాయి. న్యూజెర్సీలోనే మోరిస్‌టౌన్‌లో ద సీయింగ్ ఐ ఉంది. మిషిగన్‌లో లయన్స్ క్లబ్బులవాళ్ళు 1939లో మొదలుపెట్టిన లీడర్ డాగ్స్, కాలిఫోర్నియా, ఓరెగన్‌లలో గైడ్ డాగ్స్ ఫర్ ద బ్లైండ్, న్యూయార్క్ రాష్ట్రంలో గైడింగ్ ఐస్ ఉన్నాయి. ఎక్కువ స్కూళ్ళు పైసా తీసుకోవు. సీయింగ్ ఐ మాత్రం మొదటి కుక్కకి 150 డాలర్లు, ఆ తర్వాతి వాటికి 50, సైన్యంలో పనిచేసినవాళ్ళకి 1 డాలరు తీసుకుంటుంది. దశాబ్దాలుగా ఆ రేటు పెంచలేదు. ఒక కుక్కని తయారుచేయడానికి అయ్యే వేల డాలర్ల ముందు అది ఏ మూలకీ రాదు. 'ఇది నాకు దానంగా ఇచ్చింది కాదు, నాది' అని మనిషి అనుకోగలగాలని ఆ కొద్దిపాటి డబ్బు పెట్టారు. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది.

వచ్చే పద్ధతి ఇలా ఉంటుంది. ఏడెనిమిది వారాల పిల్లని ఒక స్వచ్ఛంద కుటుంబం ఇంటికి తెచ్చుకుని ఏడాదికి పైగా పెంచుతుంది. బస్సులు, బజార్లు, పిల్లల అల్లరి, టపాకాయల మోత అన్నీ అలవాటు చేస్తుంది. తర్వాత కన్నీళ్ళతో స్కూలుకి తిరిగి ఇచ్చేస్తుంది. అక్కడ శిక్షకులు కొన్ని నెలలు అసలు పని నేర్పిస్తారు. అన్ని కుక్కలూ నెగ్గవు. ఉడుతని చూస్తే ఆగలేనివి, బెదిరేవి పెంపుడు కుక్కలుగా వెళ్ళిపోతాయి.

మన వైపు నుంచి కూడా పరీక్ష ఉంటుంది. ముందే కర్రతో ఒంటరిగా తిరగడం వచ్చి ఉండాలి, ఎందుకంటే దారి మనకి తెలియాలి కదా. స్కూలు వాళ్ళు మన నడక వేగం చూస్తారు. హార్నెస్ హ్యాండిల్ మన చేతికిచ్చి, కుక్క బదులు శిక్షకుడే రెండో కొస పట్టుకుని లాగుతూ మనతో నడుస్తారు. దాన్ని జూనో వాక్ అంటారు. మనిషెంత లాగుడు ఇష్టపడతారు, ఎంత వేగంగా నడుస్తారు, ఊళ్ళో ఉంటారా పల్లెలో ఉంటారా అన్నీ చూసుకుని జోడీ కుదురుస్తారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత జాగ్రత్త ఉండదు అంటుంది మా పిన్ని. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలు స్కూల్లోనే ఉండి ఇద్దరం కలిసి నేర్చుకోవాలి.

బుజ్జిని పెంచిన కుటుంబం ప్రతి క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది. మేం సంక్రాంతికి అరిసెలు పంపుతాం.

ఈ ఆలోచన మొదట ఎవరికి వచ్చింది?

మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువులకీ గాయాలకీ ఎందరో సైనికులు కళ్ళు పోగొట్టుకున్నారు. వాళ్ళ కోసం జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ 1916లో మొదటి గైడ్ డాగ్ స్కూలు తెరిచారు. స్విట్జర్లాండ్‌లో జర్మన్ షెపర్డ్ కుక్కలని పెంచుతున్న డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ జర్మనీ స్కూళ్ళ గురించి 1927 నవంబరులో ఒక అమెరికన్ పత్రికకి వ్యాసం రాశారు. టెనెస్సీ రాష్ట్రం నాష్‌విల్‌లో మోరిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుడు ఆ వ్యాసం గురించి విని, నాకూ ఒకటి కావాలని ఆమెకి ఉత్తరం రాశాడు. 1928లో స్విట్జర్లాండ్ వెళ్ళి బడ్డీ అనే ఆడ జర్మన్ షెపర్డ్‌తో శిక్షణ పూర్తి చేశాడు. ఆ జూన్‌లో న్యూయార్క్‌లో దిగి, పాత్రికేయులు చూస్తుండగా రద్దీగా ఉన్న వెస్ట్ స్ట్రీట్ దాటాడు. మరుసటి ఏడాది 1929లో సీయింగ్ ఐ మొదలైంది. ఇంగ్లండ్‌లో 1931లో జూడీ, ఫ్లాష్, ఫాలీ, మెటా అనే నాలుగు కుక్కలతో పని మొదలుపెట్టారు.

పిల్లలు ముట్టుకోవచ్చా? ఏమైనా పెట్టొచ్చా?

హార్నెస్ ఉన్నంతసేపూ వద్దు. బస్సు నడుపుతున్న డ్రైవర్ కళ్ళ మీద చెయ్యి పెట్టం కదా. పిల్లలు నన్ను అడిగితే చాలా సంతోషం, వీలైన చోట హార్నెస్ తీసి ముట్టుకోనిస్తాను. అడగకుండా వెనకనుంచి నిమిరే పెద్దవాళ్ళతోనే నాకు కష్టం. కళ్ళలోకి చూసి ముద్దు చేయడం, చిటికెలు వేయడం, ఈల వేయడం కూడా నిమిరినట్టే లెక్క.

తిండి విషయం మాత్రం గట్టిగా చెప్తాను. దయచేసి ఏమీ పెట్టకండి, ప్రసాదం అయినా సరే. చక్కెర పొంగలిలో, పాయసంలో కిస్మిస్ ఉంటుంది. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీలని పాడుచేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి రక్తాన్ని దెబ్బతీస్తాయి. మన వంటల్లో అవి లేనివి ఎన్ని? చాక్లెట్ విషం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ ఇంకా ప్రమాదం. ఒక సీమంతంలో ఎవరో ప్రేమగా బల్ల కిందకి ఉల్లిపాయ పకోడీలు అందించారు. నేను చూడలేను కదా. నమిలే చప్పుడు విని తెలిసింది. ఆ రాత్రంతా బుజ్జి వాంతులు చేసుకుంటూ ఉంటే మేం జంతువుల ఎమర్జెన్సీ ఆసుపత్రిలో కూర్చున్నాం. మరుసటి రెండు రోజులు నేను ఆఫీసుకి వెళ్ళలేదు. పెట్టినవాళ్ళ మనసులో చెడు లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పైగా తిండి అలవాటైతే పనిలో ఉండగా నేల మీది ప్రతి ముక్కకీ ముక్కు దించుతుంది.

కరుస్తుందా?

కరిచే గుణం ఏ కొంచెం ఉన్నా గైడ్ డాగ్ కానివ్వరు. నన్ను కాపలా కాయడం కూడా తన పని కాదు.

ఇంట్లో పూజలు, మడి అవీ ఎలా? మా ఇంటికి పిలిస్తే కుక్కతోనే వస్తారా?

మా అత్తయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు నాకు నిద్ర పట్టనంత టెన్షన్. ఆవిడ మడి కట్టుకుని వంట చేసే మనిషి. వంటిల్లు, పూజగది బుజ్జికి రాని చోట్లు అని గుమ్మం దగ్గరే ఆగడం నేర్పాను. వారంలో నేర్చుకుంది. నెల తిరిగేసరికి అత్తయ్యగారు పూజ చేసుకుంటుంటే బుజ్జి గుమ్మం అవతల తల ముందు కాళ్ళ మీద పెట్టుకుని పడుకునేది. ఆవిడ ఇప్పుడు ఫోన్ చేస్తే నా కంటే ముందు తన సంగతే అడుగుతారు.

మీ ఇంటికి రావడం వేరు. మీ ఇల్లు మీది. ఇష్టం లేదంటే నేను నొచ్చుకోను, ముందే చెప్పండి చాలు. మా ఆయన చెయ్యి పట్టుకుని వస్తాను. ఎవరికైనా ఎలర్జీ ఉన్నా, పిల్లలకి భయమున్నా చెప్పండి. గుమ్మం దాకా వచ్చాక మొహమాటంగా నసిగితే అప్పుడు బుజ్జిని ఎక్కడ వదలాలో నాకు తోచదు. వస్తే మాత్రం తువ్వాలు వెంట తెస్తాను, కాళ్ళు తుడిచే లోపలికి తీసుకొస్తాను, నా కుర్చీ కిందే ఉంటుంది.

గుడికి తీసుకెళ్తారా?

ఇక్కడ చట్టం సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం 1990లో వచ్చింది. అది హోటళ్ళకి, షాపులకి, ఆసుపత్రులకి వర్తిస్తుంది కానీ మతసంస్థలకి మినహాయింపు ఉంది. గుడి అయినా చర్చి అయినా గైడ్ డాగ్ వద్దంటే ఆ చట్టం వాళ్ళని బలవంతం చేయదు. కాబట్టి నేను గుడిలో హక్కు గురించి మాట్లాడను, అడుగుతాను.

ఒకచోట కాదన్నారు. బుజ్జిని కారులో వదిలి రమ్మన్నారు. జులై నెల అది, వెనక్కి వచ్చేశాం. ఇంకోచోట కమిటీ పెద్దాయన, పూజారిగారు మాట్లాడుకుని, కింది హాలు దాకా రావచ్చు, గర్భగుడి వైపు వద్దు అన్నారు. పై అంతస్తుకి వెళ్ళేటప్పుడు ఒక వాలంటీరు నాకు మోచెయ్యి ఇస్తుంది, ఇంకొకరు బుజ్జి దగ్గర కూర్చుంటారు. నాకు ఇది బాగానే ఉంది. ధర్మరాజు స్వర్గానికి కూడా కుక్కతోనే వెళ్తానన్నాడు కదా అని నాకు మద్దతుగా వాదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మంచితనానికి నమస్కారం. నాకు ఆ వాదన కంటే, 'మీరెలా వస్తే సుఖం?' అని ఒకరు అడగడం ఎక్కువ ఉపయోగపడింది.

హోటళ్ళు, టాక్సీలు ఒప్పుకుంటాయా?

ఒప్పుకోవాలి. అమెరికాలో జనం వచ్చే ఏ వ్యాపారమైనా గైడ్ డాగ్‌ని రానివ్వాలి, అదనంగా డబ్బు అడగకూడదు. మనిషి వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఏ పని చేయడానికి శిక్షణ ఇచ్చారు అనే రెండు ప్రశ్నలు మాత్రమే అడగొచ్చు, అదీ కుక్క పనేమిటో చూడగానే తెలియనప్పుడు. కాగితాలు, కార్డు చూపించమనకూడదు. వేరే కస్టమర్లకి భయమనో ఎలర్జీ అనో పంపేయకూడదు. అదుపు తప్పి గొడవ చేస్తే, లోపల పాడుచేస్తే మాత్రం బయటికి తీసుకెళ్ళమనే హక్కు వాళ్ళకుంది. అది న్యాయమే.

జరిగేది ఎప్పుడూ ఇలా ఉండదు. యాప్‌లో పిలిచిన కారు వచ్చి, బుజ్జిని చూసి, ఆగకుండా వెళ్ళిపోవడం నాకు లెక్కలేనన్ని సార్లు జరిగింది. ఇంజన్ చప్పుడు దగ్గరికి వచ్చి దూరమవుతుంది, ఫోన్ 'రైడ్ క్యాన్సిల్' అంటుంది. వానలో నిలబడి ఉండగా అది వింటే ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. మన భారతీయ హోటళ్ళలో కూడా రెండుచోట్ల గుమ్మంలోనే ఆపారు, ఒకచోట తెలుగులోనే. మెనూ తెలుగులో, మాట తెలుగులో, లోపలికి మాత్రం రానివ్వలేదు. అది ఎక్కువ నొప్పి. మీలో హోటల్ నడిపేవాళ్ళు ఉంటే మీ పనివాళ్ళకి ఈ నియమం ఒక్కసారి చెప్పి పెట్టండి.

పెంపుడు కుక్కకి ఆన్‌లైన్‌లో కొన్న జాకెట్ తొడిగి సర్వీస్ డాగ్ (వైకల్యం ఉన్నవాళ్ళకి సాయపడేలా శిక్షణ పొందిన కుక్క) అని చెప్పుకునేవాళ్ళ వల్ల కూడా మాకు నష్టం జరుగుతోంది. అలాంటి కుక్క ఒకసారి మొరిగితే ఆ హోటల్ వాడు తర్వాత వచ్చిన నన్ను అనుమానిస్తాడు. విమానాల్లో ఈ తంతు పెరిగిపోయి, మనశ్శాంతి కోసం పెంచుకునే జంతువులని సర్వీస్ జంతువులుగా లెక్కించక్కర్లేదని 2021 జనవరి నుంచి నియమం మార్చారు. శిక్షణ పొందిన కుక్కకి ఇప్పుడు ముందుగా ఫారం నింపి ఇవ్వాలి.

ఆఫీసులో ఏం చేస్తుంది?

నిద్రపోతుంది. నేను స్క్రీన్ మీది అక్షరాలని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పని చేసుకుంటుంటే డెస్కు కింద చాప మీద గురక పెడుతుంది. ఆన్‌లైన్ మీటింగుల్లో ఆ గురక విని కొత్తవాళ్ళు ఎవరో నిద్రపోయారనుకుంటారు.

చేరిన మొదటి వారంలో మా మేనేజరు నన్నడిగి టీమ్‌కి ఒక చిన్న ఈమెయిల్ పంపింది: ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు, పలకరించాలంటే మనిషిని పలకరించండి. అంతే, సర్దుకుపోయింది. ఒకతనికి కుక్కల ఎలర్జీ ఉంటే మా ఇద్దరి డెస్కులూ ఎడంగా మార్చారు. పదిన్నరకి, మధ్యాహ్నం, మూడున్నరకి బయటికి తీసుకెళ్తాను. నేను కోరేది ఒక్కటే, దారిలో కుర్చీలు, పెట్టెలు వదలొద్దని. అది అందరికీ మంచిదే.

అగ్నిప్రమాదం వస్తే ఎలా అని అడుగుతారు. 2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్ 78వ అంతస్తులో మైఖేల్ హింగ్సన్ అనే అంధుడు పని చేస్తున్నారు. రోజెల్ అనే ఆయన లాబ్రడార్ డెస్కు కింద పడుకుని ఉంది. ఇద్దరూ మెట్ల మీదుగా కిందికి దిగి బయటపడ్డారు. కుక్క ఆయన్ని కాపాడిందని అందరూ అంటారు. తను ఆ భవనం దారులు, అత్యవసర మార్గాలు ముందే క్షుణ్ణంగా నేర్చుకుని ఉన్నానని ఆయన చెప్తూ ఉంటారు. ఎటు వెళ్ళాలో ఆయనకి తెలుసు, ఎలా నడవాలో రోజెల్‌కి తెలుసు. అది చదివాక మా భవనంలో మెట్ల దారులన్నీ బుజ్జితో కలిసి నాలుగుసార్లు దిగి చూసుకున్నాను.

బాత్రూం సంగతి?

వేళకి తిండి, వేళకి నీళ్ళు, వేళకి బయటికి. ఒక మాట చెప్తే అక్కడే పని కానిస్తుంది. కానిచ్చేటప్పుడు నేను వీపు మీద చెయ్యి వేస్తాను. వీపు తిన్నగా ఉంటే ఒకటి, వంగి ఉంటే రెండు. రెండైతే ఎక్కడ పడిందో ఆ చేతిని బట్టి తెలుస్తుంది. సంచీ చేతికి తొడుక్కుని తీసేస్తాను. చూపున్న చాలామంది వదిలేసిపోయే పని ఇది.

రోజంతా పని చేయించడం పాపం కాదా?

ఈ ప్రశ్న వేసేవాళ్ళు జంతువుల మీద ప్రేమతోనే అడుగుతారు, అందుకే నాకు కోపం రాదు. పొద్దున హార్నెస్ చేతిలోకి తీసుకుంటే బుజ్జి తనంతట తానే తల దూరుస్తుంది. ఒకరోజు దూర్చకపోతే ఒంట్లో బాగాలేదని నాకు తెలుస్తుంది. సాయంత్రం హార్నెస్ తీసేయగానే మామూలు కుక్క, తాడు బొమ్మ పట్టుకుని మా అబ్బాయితో ఇల్లంతా పరిగెడుతుంది. రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు ఒంటరిగా ఇంట్లో పడి ఉండే పెంపుడు కుక్కలతో పోలిస్తే, తను నన్ను వదిలి ఉన్న గంటలు చాలా తక్కువ.

ఇండియాకి తీసుకొస్తారా? అక్కడ గైడ్ డాగ్‌లు ఎందుకు కనిపించవు?

తీసుకురాలేదు. విజయవాడ వెళ్ళినప్పుడు బుజ్జి తనని పెంచిన కుటుంబం దగ్గర ఉంటుంది. నేను కర్ర, మా అన్నయ్య మోచెయ్యి నమ్ముకుంటాను.

కాగితాల పని ఒక కారణం. ఇండియాలోకి తేవడానికి జంతు క్వారంటైన్ శాఖ అనుమతి కావాలి. తిరిగి రావడం ఇంకా చిక్కు: కుక్కల రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. 2024 ఆగస్టు నుంచి అమెరికా నియమాలు కఠినం చేసింది. మైక్రోచిప్, రేబిస్ టీకా పత్రం అమెరికా వదలకముందే సరిచూసుకోవాలి.

అసలు కారణం వీధి. గైడ్ డాగ్ చదువంతా ఫుట్‌పాత్ అంచు మీద ఆధారపడి ఉంటుంది. విజయవాడలో మా వీధిలో ఫుట్‌పాత్ మీద బైకులు, ట్రాన్స్‌ఫార్మరు, టిఫిన్ బండి, పక్కనే మూతలేని కాలువ. ఏది రోడ్డో ఏది నడిచే చోటో తేల్చే గీత లేదు. మే నెలలో తారు మీద కుక్క పాదాలు కాలిపోతాయి. వీటన్నిటి కంటే వీధి కుక్కలు. కొత్త కుక్క తమ సందులోకి వస్తే గుంపుగా మీదపడతాయి. బుజ్జికి ఎదురు తిరగడం నేర్పలేదు. హోటల్‌లో ఆపితే చూపించడానికి అమెరికాలో ఉన్నంత స్పష్టమైన నియమం కూడా అక్కడ లేదు. ఇండియాలో గైడ్ డాగ్‌తో తిరుగుతున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే, వాళ్ళ ధైర్యానికి నా నమస్కారాలు.

మా నాన్నగారికి చూపు తగ్గుతోంది, హైదరాబాద్‌లో ఉంటారు. గైడ్ డాగ్ దొరుకుతుందా?

ఈ ప్రశ్న నాకు నెలకి ఒకటైనా వస్తుంది. గైడ్ డాగ్ గురించి ఇప్పుడు ఆలోచించకండి. ముందు కర్రతో నడవడం నేర్పించండి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో వైద్యంతో పాటు, తిరిగి రాని చూపుతో ఎలా బతకాలో నేర్పే పునరావాస విభాగం ఉంది. మిగిలిన కొద్ది చూపుని వాడుకోవడం, ఫోన్‌ని మాటలతో నడపడం, ఒంటరిగా తిరగడం నేర్పిస్తారు. వైకల్య ధ్రువపత్రానికి కూడా దరఖాస్తు పెట్టండి.

ఇంకో మాట, బాధపడకండి. 'నాన్నా మీరు కూర్చోండి, మేం తెస్తాం' అని ప్రేమతో అనడం మానేయండి. మా ఇంట్లో నన్ను అలా నాలుగేళ్ళు కూర్చోబెట్టారు. కర్ర పట్టుకుంటే నలుగురికీ తెలిసిపోతుందని అమ్మ భయం. ఆ నాలుగేళ్ళూ నేను కోల్పోయింది చూపు ఒక్కటే కాదు.

రోడ్డు మీద కనిపిస్తే మీకు సాయం చేయొచ్చా?

చేయొచ్చు. ముందు నోటితో అడగండి: 'నేను ఫలానా, ఏమైనా సాయం కావాలా?' హార్నెస్ గానీ బుజ్జి తాడు గానీ పట్టుకోకండి, నన్ను రోడ్డుకి అడ్డంగా లాగకండి. కావాలంటే మీ మోచెయ్యి నేనే పట్టుకుంటాను. దారి చెప్పేటప్పుడు 'అదిగో అటు' అంటే నాకు తెలియదు. 'మీ కుడి చేతి వైపు, ఇరవై అడుగులు' అనండి. మీ పెంపుడు కుక్క మీతో ఉంటే దాని తాడు పొట్టిగా పట్టుకోండి, పలకరించుకోనీ అని దగ్గరికి వదలొద్దు.

ముసలిదయ్యాక ఏం చేస్తారు?

సాధారణంగా ఎనిమిది, పది ఏళ్ళ మధ్య పని మానిపిస్తారు. తర్వాత హ్యాండ్లరే ఉంచుకోవచ్చు, లేదా పెంచిన కుటుంబానికి మొదటి అవకాశం ఇస్తారు, లేదా స్కూలే మంచి ఇల్లు చూస్తుంది. చాలామంది రెండో కుక్కకి వెళ్తారు. కొందరు బాధ భరించలేక కర్రకి తిరిగి వెళ్ళిపోతారు.

బుజ్జికి ఎనిమిదేళ్ళు దాటాయి. స్టేషన్ మెట్ల దగ్గర ఈ మధ్య అర క్షణం ఎక్కువ ఆగుతోంది. హ్యాండిల్‌లో లాగుడు తగ్గింది, చలి రోజుల్లో ఇంకా తగ్గుతుంది. డాక్టరు తుంటి చూసి, ఇంకో ఏడాది తేలికపాటి పని చేయొచ్చన్నారు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తానని ఆఫీసులో అడిగాను, ఒప్పుకున్నారు. స్కూలుకి కొత్త కుక్క కోసం దరఖాస్తు పంపాను. పంపిన రోజు బుజ్జి నా కాళ్ళ మీదే పడుకుని ఉంది. తను మా దగ్గరే ఉంటుంది, ఆ విషయంలో ఇంట్లో రెండో మాట లేదు. అత్తయ్యగారు వచ్చే ఏడాది ఆరు నెలలు ఉండేలా టికెట్ చూడమన్నారు. పగటిపూట నేనూ కొత్త కుక్కా బయటికి వెళ్తే, ఇంట్లో బుజ్జికి ఒకరు తోడుండాలట.